తుదిమెరుగులకి క్రిటా: ప్రకాశం బ్యారేజీ బొమ్మ మీద వాడి చూశాక

కంప్యూటర్‌లో బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటా. దాని పేరెత్తగానే మనవాళ్లు చాలామంది "ఫొటోషాప్ కొనలేకపోతే వాడుకునేది" అంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఫ్రీగా వస్తుందన్నది నిజమే. కానీ నేను దాన్ని వదలకుండా వాడుతున్నది డబ్బు మిగులుతుందని కాదు. ఆకారాలు కుదిరి, రంగులు పడి, చూసినవాళ్లు "బాగుంది" అనేసినా మనకి మాత్రం "అయిపోయింది" అనడానికి మనసొప్పని ఒక దశ ఉంటుంది చూడండి, అక్కడ అది చేసే సాయం వల్ల వాడుతున్నాను. ఈ రివ్యూ అంతా ఆ దశ గురించే, అంటే ఫినిషింగ్ గురించే. స్కెచ్ ఎలా వేయాలి, ఏ బ్రష్‌లు దింపుకోవాలి లాంటివి వేరేచోట బోలెడు దొరుకుతాయి.

నేను దీన్ని పరీక్షించిన బొమ్మ ప్రకాశం బ్యారేజీ. సీతానగరం ఘాట్ వైపు నుంచి, పొద్దుగూకి దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్న టైము. ఎదురుగా నది అవతల ఇంద్రకీలాద్రి, ఎడమవైపు పడమటి వెలుతురు ఇంకా కొంచెం మిగిలి ఉంది, కుడివైపు బ్యారేజీ వరసగా గేట్లతో సాగిపోతుంది, ముందు నీళ్లలో ఒక పడవ. బెజవాడలో బొమ్మలు వేసే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుకునే సబ్జెక్టే ఇది. ఫినిషింగ్ ఎవరికి ఎంత వచ్చో తేలేది కూడా ఇలాంటి చోటే, ఎందుకంటే ఒకే ఆకారం మళ్లీ మళ్లీ రావడం, నీళ్లలో ప్రతిబింబాలు, నీలం చీకట్లో పసుపు దీపాలు, మెల్లగా రంగు మారే ఆకాశం, ఇలా ఇబ్బంది పెట్టేవన్నీ ఒకే ఫ్రేములో ఉన్నాయి.

బ్యారేజీకి 70 గేట్లున్నాయి. 70నీ ఒకే శ్రద్ధతో చెక్కుకుంటూ పోతే చూసేవాళ్ల కన్ను ఎక్కడా నిలవదు. పెళ్లికూతురికి బీరువాలో ఉన్న నగలన్నీ ఒకేసారి పెట్టేస్తే మొహం కనపడకుండా పోయినట్టే. ఫినిషింగ్ అంటే డీటెయిల్ పెంచుకుంటూ పోవడం అని చాలామంది అనుకుంటారు గానీ, అసలు పని చూపు ఎక్కడ ఆగాలో తేల్చుకుని మిగతా చోట్ల చెయ్యి వెనక్కి తీసుకోవడం. దానికి ముందు మన బొమ్మని మనమే పరాయివాళ్లలా చూడగలగాలి. క్రిటా నాకు నచ్చింది సరిగ్గా ఇక్కడే. గీసే పరికరాలు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉంటాయి, చూసే పరికరాలు ఇందులో చేతికందేంత దగ్గరలో ఉన్నాయి.

ఎం కీ నొక్కితే కాన్వాస్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఫైల్‌లో ఏమీ మారదు, తిరిగేది చూపు ఒక్కటే, మళ్లీ నొక్కితే మామూలుగా వచ్చేస్తుంది. తిప్పగానే కొండ ఒకవైపు ఒరిగిపోయిందని, పడవ నీళ్లలో కాకుండా గాల్లో ఉందని ఇట్టే తెలిసిపోతుంది. ఓవర్‌వ్యూ డాకర్ అని పక్కన పెట్టుకునే చిన్న ప్యానెల్ ఇంకోటి ఉంది, బొమ్మ మొత్తాన్ని అగ్గిపెట్టె సైజులో పక్కన చూపిస్తూ ఉంటుంది. మనం జూమ్ చేసుకుని గేటు మీద తుప్పు మరకలు వేసుకుంటున్నప్పుడు ఆ చిన్న బొమ్మలో ఏమీ మారడం లేదంటే, ఆ కష్టం దూరం నుంచి చూసేవాళ్లకి అందదన్నమాట. మెనూల్లోకి వెళ్లి వెతకాల్సిన పనిలేకుండా ఇవి కళ్లముందే ఉండటం వల్ల గంటకి పదిసార్లయినా చూసుకుంటాం. వెతికి తెరవాల్సినవైతే వారానికి ఒకసారి కూడా తెరవం.

వీటన్నిటికంటే విలువైనది నలుపు తెలుపులో చూసుకోవడం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తప్పు ఆప్షన్ పెట్టుకుని "నా వాల్యూలు (ఏది ఎంత వెలుగు, ఎంత చీకటి అన్న లెక్క) బాగానే ఉన్నాయి" అనుకుంటున్నారు. బొమ్మని ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలుగా వేస్తాం, వాటినే లేయర్లంటారు. ఆ లేయర్లన్నిటి మీదా, కింద పెయింట్‌ని ముట్టుకోకుండా చూపుని మాత్రం మార్చే ఫిల్టర్ లేయర్ ఒకటి పెట్టి, అందులో రంగు తీసేసే డీశాచురేట్ ఎంచుకోవాలి. రంగు తీసేయడానికి ఆ ఫిల్టర్‌లో రకరకాల పద్ధతులున్నాయి. లైట్‌నెస్ అన్నది పెట్టుకుంటే నిక్కమైన పసుపూ నిక్కమైన నీలమూ రెండూ ఒకే బూడిదరంగుగా కనపడతాయి, ఎందుకంటే అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ తీసుకుని సగటు కడుతుంది, అంతే. మన కన్ను అలా చూడదు. లూమినాసిటీ 709 అని ఉన్న పద్ధతి ఆకుపచ్చకి దాదాపు 72 శాతం, ఎరుపుకి 21 శాతం, నీలానికి 7 శాతం మాత్రమే బరువు ఇస్తుంది, కాబట్టి దీపపు పసుపు తెల్లగా, నది నీలం నల్లగా, అంటే మనకి కనపడే తీరుకి దగ్గరగా వస్తుంది. బ్యారేజీ బొమ్మ మొత్తం నడిచేదే పసుపూ నీలం మధ్య ఉన్న తేడా మీద. ఆ తేడాని చెరిపేసి చూపించే పద్ధతి పెట్టుకుని బొమ్మ దిద్దితే అవసరం లేని చోటల్లా కాంట్రాస్ట్ ఎక్కించేస్తాం. ఈ లేయర్‌కి "చూపు" అని పేరు పెట్టుకుని, కన్ను గుర్తు నొక్కి ఆన్ చేసుకుంటూ ఆఫ్ చేసుకుంటూ పని చేయండి.

అలా చూసుకున్నాక బొమ్మలో అన్నిటికంటే నల్లని చోటూ అన్నిటికంటే తెల్లని చోటూ ఎక్కడ ఒకదానికొకటి తగులుతున్నాయో వెతకాలి. నా బొమ్మలో అది పడవ దగ్గర ఉండాలని తేల్చుకున్నాను. పడవ అంచు చీకటిగా, దాని వెనక నీటి మీద దీపపు చార మెరుస్తూ. ఇంకెక్కడా అంత గట్టి తేడా ఉండకూడదు. కొండ మీద గుడి దీపాలకి కూడా కొంచెం తక్కువే ఇచ్చాను. అమ్మవారి గుడి వెలుగు తగ్గిస్తావా అని ఇంట్లో మా పెద్దమ్మ అడిగింది. "తగ్గించలేదు పెద్దమ్మా, దూరంగా పెట్టాను" అన్నాను, ఒప్పుకుంది.

అంచుల దగ్గరికొస్తే, దూరపు గేట్ల అంచులు ఒకదాంట్లో ఒకటి కరిగిపోవాలి, దగ్గరి నాలుగైదు గేట్ల అంచులు మాత్రం తెగినట్టుండాలి. దీనికి పేరు కే అక్షరంతో మొదలయ్యే, రంగుల్ని కలిపేసే బ్లెండర్ బ్రష్‌ల వరస ఒకటి క్రిటాతో పాటే వస్తుంది. వాటిలో బ్లర్ చేసేదాన్ని తక్కువ వాడమంటాను, బొమ్మంతా ఆవిరి పట్టినట్టు మెత్తబడిపోతుంది. పీచు పీచుగా గీతలు లాగే రేక్ బ్లెండర్‌తో అంచుని ఒక దిశలో లాగితే గీత మాయమవుతుంది గానీ బ్రష్ పడిన గుర్తు మిగులుతుంది, చేత్తో వేసిన బొమ్మలా ఉంటుంది. గేట్ల మధ్య కాంక్రీటు స్తంభాలు నీళ్లని తాకే చోట నేను ఒక్క గీత కూడా ఉంచలేదు, స్తంభమూ దాని నీడా కలిసిపోయాయి. గేటు ఎక్కడ అయిపోయి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో పైనున్న దీపం చారే చెబుతుంది.

నీళ్ల గురించి ఒక మాట. ప్రతిబింబం అంటే పైబొమ్మని కాపీ చేసి తిరగేసి పేస్ట్ చేయడం కాదు. దూరంగా, చూపు నీటిని ఏటవాలుగా తాకే చోట ప్రతిబింబం బలంగా ఉంటుంది, మన కాళ్ల దగ్గరికి వచ్చేకొద్దీ అది పలచబడి నీటి సొంత రంగు, అడుగున ఉన్న చీకటి బయటపడతాయి. కొండ లాంటి నల్లటి వస్తువు ప్రతిబింబం అసలుకంటే కొంచెం లేతగా, వెలుతురు ప్రతిబింబం అసలుకంటే కొంచెం తగ్గి కనపడుతుంది. అలలున్న నీటి మీద దీపం గుండ్రంగా పడదు, మనవైపు సాగిన చారలా పడుతుంది. కాపీ చేసి తిప్పిన లేయర్ మీద, అసలుని మార్చకుండా ఆకారాన్ని సాగదీసే ట్రాన్స్‌ఫామ్ మాస్క్ వేసి నిలువుగా లాగొచ్చు, నచ్చకపోతే మాస్క్ తీసేస్తే పాతది పాతట్టే ఉంటుంది. ఆ తర్వాత ఆ చారని అక్కడక్కడా అడ్డంగా తెంపాలి, అది మాత్రం చేత్తోనే చేయాలి.

దీపాల మెరుపుకి అందరూ కలర్ డాడ్జ్ మోడ్‌లో, అంటే కింద రంగుని వెలిగించేలా, ఒక లేయర్ పెట్టి మెత్తటి బ్రష్‌తో అద్దేస్తారు. నేనూ అదే వాడతాను. అయితే కలర్ డాడ్జ్ కింద ఉన్న రంగు ఎంత తెల్లగా ఉంటే అంత రెచ్చిపోతుంది, పూర్తి నలుపు మీద వేస్తే ఏమీ కనపడదు. అందుకని దీపం చుట్టూ ముందే మసక పసుపు, గోధుమ రంగు నేలలా వేసుకుని, ఆ పైన డాడ్జ్ లేయర్‌లో ముదురు, మబ్బు రంగుతోనే అద్దాలి. లేత రంగు ఎంచుకున్నారంటే ఒక్క అద్దకానికే దీపం తెల్లగా మాడిపోయి వెచ్చదనం పోతుంది. ఆన్‌లైన్‌లో కనపడే రాత్రి బొమ్మల్లో సగం ఇలాగే చెడిపోతున్నాయి, చూస్తుంటే బాధేస్తుంది. కింద బొమ్మ ఎంత బాగా వేసినా సరే, పైన ఆ మెరుపు తగిలించి ప్లాస్టిక్ చేసేస్తున్నారు.

రంగులన్నీ ఒకే సాయంత్రానికి చెందినట్టు కుదరాలంటే కలర్ బ్యాలెన్స్ ఫిల్టర్ లేయర్ చాలు. నీడలు, మధ్యస్థం, వెలుగులు మూడింటికీ విడివిడిగా స్లైడర్లుంటాయి, నీడలని కాస్త నీలం వైపు, వెలుగులని కాస్త పసుపు వైపు జరిపితే విడివిడిగా వేసిన కొండా నీళ్లూ ఆకాశమూ ఒకటవుతాయి. ఫిల్టర్ లేయర్ కాబట్టి కింద పెయింట్‌కి ఏమీ కాదు, రేపు పొద్దున చూసి ఎక్కువైందనిపిస్తే ఎఫ్ 3 నొక్కి తగ్గించుకోవచ్చు. ఫోటోషాప్‌లో అడ్జస్ట్‌మెంట్ లేయర్లు అలవాటున్నవాళ్లకి ఇది కొత్త కాదు. క్రిటాలో అదనంగా ఏమిటంటే బ్లర్, షార్పెన్ లాంటి ఫిల్టర్లని కూడా ఇలా లేయర్‌గా, మాస్క్‌గా వేసుకోవచ్చు.

ఆకాశం విషయంలో ఇంకో సంగతి. 8 బిట్ ఫైల్‌లో ఒక్కో రంగు చానెల్‌కి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) చీకటి నుంచి వెలుగుకి 256 మెట్లే. సాయంత్రపు ఆకాశంలా చాలా మెల్లగా మారే చోట అవి చాలక పట్టీలు పట్టీలుగా కనపడతాయి, స్క్రీన్ మీద తెలియకపోయినా కాంట్రాస్ట్ పెంచగానే బయటపడతాయి. మొదటినుంచీ 16 బిట్‌లో పనిచేస్తే ఒక్కో చానెల్‌కి 65,536 మెట్లు. దానికి ఖరీదు ర్యామ్ రూపంలో కట్టాలి. ఏ3 సైజు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 4961 బై 3508 పిక్సెళ్లు, నిండుగా ఉన్న ఒక్క లేయరే 8 బిట్‌లో సుమారు 70 ఎంబీ, 16 బిట్‌లో 140 ఎంబీ. ఖాళీగా ఉన్న చోటుకి క్రిటా మెమరీ తీసుకోదు గానీ, 16 బిట్‌లో నిండిన లేయర్లు ఇరవై పెట్టుకుంటే దగ్గర దగ్గర 3 జీబీ అక్కడే పోతుంది, అన్‌డూ హిస్టరీ కాకుండానే. 8 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు 8 బిట్‌లోనే ఉండి, చివర్లో ఆకాశం మీద కొద్దిగా నాయిస్ (సన్నటి చుక్కలు) చల్లుకోండి, పట్టీలు మాయమవుతాయి. నాయిస్ కంటికి కనపడేంత వేయకూడదు, ప్రింట్‌లో ఇసకలా తేలుతుంది.

షార్పెన్, అంటే అంచులు పదును చేయడం, ఎప్పుడూ ఆఖరి పని. న్యూ లేయర్ ఫ్రమ్ విజిబుల్ అని కొడితే కనపడుతున్నదంతా ఒక కొత్త లేయర్‌గా పైన చేరుతుంది, దాని మీద షార్పెన్ చేసే అన్‌షార్ప్ మాస్క్ ఫిల్టర్ వేసి, అక్కర్లేని చోట్లు కనపడకుండా చేసే ట్రాన్స్‌పరెన్సీ మాస్క్‌తో పడవ దగ్గర తప్ప మిగతా అంతా దాచేయాలి. బొమ్మంతా షార్పెన్ చేస్తే ఇందాక కష్టపడి కరిగించిన అంచులన్నీ మళ్లీ లేచి కూర్చుంటాయి. అలాగే ఆల్ట్ పట్టుకుని ఒక్కో లేయర్ మీద నొక్కితే ఆ లేయర్ ఒక్కటే కనపడుతుంది, ఎక్కడో మూల పడిపోయిన చుక్కలూ మరకలూ తుడిచేయడానికి ఇంతకంటే సులువు లేదు. కంట్రోల్ ఆల్ట్ ఎస్ నొక్కితే ఫైల్ వరస నంబరుతో కొత్త కాపీగా సేవ్ అవుతుంది, ఫినిషింగ్‌లో ఇది అలవాటు చేసుకోవాలి, నిన్నటిదే బాగుందనిపించే రోజులు చాలా ఉంటాయి. మన దగ్గర కరెంటు పోయే వేసవి రోజులకి ఆటోసేవ్ ఎన్ని నిమిషాలకి జరగాలో సెట్టింగ్స్‌లో తగ్గించుకోండి.

ఇక ప్రింట్. డిజిటల్ బొమ్మ గోడ మీదికి ఎక్కాలనుకుంటే ఫినిషింగ్ స్క్రీన్ దగ్గర అయిపోదు. స్క్రీన్ మీద కనపడే నీలాలు, పచ్చలు, మండే నారింజలు చాలావరకు ఇంకుకి అందవు. క్రిటాలో కంట్రోల్ వై నొక్కితే సాఫ్ట్ ప్రూఫ్, అంటే కాగితం మీద దాదాపు ఎలా వస్తుందో అలా చూపిస్తుంది. కంట్రోల్ షిఫ్ట్ వై నొక్కితే ఇంకుకి అందని రంగులున్న చోట్లు గుర్తుపట్టేలా వేరే రంగులో కనపడతాయి. నా బొమ్మలో నది మధ్య నీలం, గుడి చుట్టూ వెలుగు పట్టుబడ్డాయి. షాపువాళ్ల దగ్గర ప్రింటరుకీ కాగితానికీ సంబంధించిన ఐసీసీ ప్రొఫైల్ (అక్కడ రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్) ఉంటే అడిగి తీసుకుని పెట్టుకోవాలి, లేకపోతే క్రిటాతో వచ్చే కెమికల్ ప్రూఫ్ ప్రొఫైల్ అంచనాకి పనికొస్తుంది.

గవర్నర్‌పేటలో నేను వెళ్లే ప్రింట్ షాపాయనకి ఈ విషయాలు బాగా తెలుసు. ఫైల్‌ని స్క్రీన్ రంగుల లెక్కైన ఆర్‌జీబీలో కాకుండా, ప్రింటింగ్ ఇంకుల లెక్కైన సీఎంవైకేలో తేవాలా అని అడిగితే "వద్దండి, మా మిషన్‌కి ఆర్‌జీబీనే ఇవ్వండి, మీరొకసారి మార్చి అదొకసారి మారిస్తే రంగు తేలిపోద్ది" అన్నారు. ఫొటో ఇంక్‌జెట్ ప్రింటర్ల విషయంలో ఆ మాట నిజం, ఆఫ్‌సెట్‌లో వేయించే పత్రికలకీ పుస్తకాలకీ మాత్రం సీఎంవైకే అడుగుతారు. దానికి క్రిటాలో బొమ్మని సీఎంవైకేకి మార్చి టిఫ్‌గా ఇవ్వొచ్చు. ఏ మిషన్ మీద, ఏ కాగితం మీద వేస్తారో ముందు కనుక్కోకుండా ఫైల్ తయారుచేయకండి. ఇంకో షాపులో మిషన్‌లో ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉండి నా సాయంత్రం కాస్తా మిట్టమధ్యాహ్నంలా వచ్చింది. అడిగితే "ఫొటోలన్నీ అలాగే వేస్తామండి" అన్నారు. కాబట్టి కరెక్షన్ ఆపమని ముందే చెప్పాలి.

మొత్తం బొమ్మ వేయించే ముందు పడవ, దీపపు చార, కొండ నీడ మూడూ వచ్చేలా ఒక పట్టీ కత్తిరించి, అసలు సైజులోనే, అదే కాగితం మీద వేయించుకోండి. మెరుపులేని మ్యాట్ కాగితం మీద నలుపు, మెరిసే గ్లాసీ కాగితం మీద వచ్చినంత లోతుగా రాదు, నీడల్లో ఉన్న తేడాలన్నీ ఒకటే ముద్దగా కలిసిపోతాయి. స్క్రీన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టుకుని బొమ్మ వేసేవాళ్లకి ప్రింట్ ఎప్పుడూ నల్లగానే వస్తుంది, ప్రింటర్ని తిట్టుకుని లాభం లేదు. నేను ఆ పట్టీని మధ్యాహ్నం వెలుతురులో, ట్యూబ్‌లైటు కింద రెండుచోట్లా చూసి, వెలుగునీడలు సర్దే లెవెల్స్ ఫిల్టర్ లేయర్‌తో నీడలని కొంచెం పైకి ఎత్తాను. ఆ లేయర్‌కి "మ్యాట్ ప్రింట్" అని పేరు పెట్టి ఉంచుకున్నాను, ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు దాన్ని ఆఫ్ చేస్తే సరిపోతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. పెద్ద కాన్వాస్ మీద రంగుని అలికే స్మడ్జ్ బ్రష్‌ని పెద్ద సైజులో లాగితే చెయ్యి ముందు, రంగు వెనక అన్నట్టు నడుస్తుంది, మంచి ప్రాసెసర్ లేకపోతే ఓపిక కావాలి. బ్రష్ ఎడిటర్ తెరిస్తే కొత్తవాళ్లు బెదిరిపోయేన్ని ఆప్షన్లు, ఏది దేనికో తెలుసుకోవడానికి టైము పడుతుంది. అక్షరాల విషయంలో చాలాకాలం వెనకబడే ఉంది. 2023లో వచ్చిన 5.2తో టెక్స్ట్ లేఅవుట్ ఇంజిన్ కొత్తగా రాశారు, కానీ ఆ వెర్షన్‌లో టైప్ చేయాల్సింది వేరే విండోలోనే. పోస్టర్ మీద తెలుగు టైటిల్ పెట్టాలంటే నేను ఇంకోచోట పెట్టుకుంటాను. బొమ్మ మీద సంతకం మాత్రం బ్రష్‌తో తెలుగులోనే చేస్తాను, దానికి ఫాంటు అక్కర్లేదు. ఐప్యాడ్‌కి క్రిటా లేదు, అది ఒక్కటే ఉన్నవాళ్లు ప్రోక్రియేట్ లాంటిది చూసుకోవాల్సిందే. ఆండ్రాయిడ్‌లో ఉంది గానీ అది పెద్ద ట్యాబ్లెట్ల కోసం చేసింది, ఫోన్‌లో మెనూలే స్క్రీన్ అంతా ఆక్రమిస్తాయి.

పెన్ ట్యాబ్లెట్ కొత్తగా కొన్నవాళ్లు పని మొదలుపెట్టే ముందే ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో ప్రెషర్ కర్వ్ (ఎంత నొక్కితే ఎంత రంగు పడాలో చెప్పే గీత) మీ చేతి బరువుకి తగ్గట్టు మార్చుకోండి. ఫినిషింగ్‌లో వేసే గీతలు చాలా తేలికపాటివి, పెన్ గట్టిగా నొక్కితే గానీ రంగు పడకపోతే మణికట్టు పట్టేస్తుంది. విండోస్‌లో పెన్ ప్రెషర్ అసలే పనిచేయకపోతే అదే చోట విన్‌టాబ్, విండోస్ ఇంక్ అని రెండు ఆప్షన్లుంటాయి, ఒకటి పెట్టి ఉంటే ఇంకోదానికి మార్చి, క్రిటా మూసి మళ్లీ తెరవండి.

వెబ్‌సైట్ నుంచి దింపుకుంటే పైసా ఖర్చు లేదు, పరిమితులూ లేవు, వేసిన బొమ్మ అమ్ముకోవచ్చు కూడా. అదే సాఫ్ట్‌వేర్ స్టీమ్‌లో, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బుకి దొరుకుతుంది, అక్కడ కట్టింది దాన్ని తయారుచేసే డెవలపర్లకి ఉపయోగపడుతుంది. మొదట ఫ్రీగా దింపుకుని, పాత బొమ్మ ఏదైనా సగంలో ఆగిపోయింది ఉంటే దాన్నే తెరిచి, డీశాచురేట్ లేయర్ పెట్టి చూడండి. పని నచ్చితే స్టోర్‌లో కొనండి, నేను కొన్నాను.